మూడేళ్ల బిడ్డ ఎంత దూరం నడవాలి?

మా ఊరి అంగన్‌వాడీ సెంటర్ రోడ్డు పక్కనే ఉంది. రేకుల కప్పు, గోడ మీద అక్షరాలు, ముందు ఒక బోరింగు. ఊళ్లో ఏ ఇంటి నుంచి బయల్దేరినా ఐదు నిమిషాల్లో చేరవచ్చు. మా ఊరి వెనక కొండ మీద కొండరెడ్ల గూడెం ఒకటి ఉంది. 20 గడపలు, 90 మంది మనుషులు. అక్కడి నుంచి మా ఊరికి రెండు కిలోమీటర్ల కాలిబాట, మధ్యలో వాగు. ఆరేళ్ల లోపు పిల్లలు పోయిన వేసవికి 11 మంది ఉన్నారు. వాళ్ల పేర్లన్నీ మా సెంటర్ రిజిస్టర్‌లో ఉన్నాయి. పిల్లలు మాత్రం కొండ మీదే ఉన్నారు.

నేను కోయవాణ్ని, ఏజెన్సీ బడిలో పంతులుగా పనిచేస్తున్నాను. మైదానం వాళ్లతో పోల్చుకుని మనకు ఏమేం లేవో చెప్పే వ్యాసాలు మనం చాలా రాశాం. అవన్నీ నిజాలే, ఇంకా రాయాలి కూడా. కానీ ఇప్పుడు రాస్తున్నది అంతకంటే ఇబ్బందికరమైన సంగతి. ఇందులో అన్యాయం చేసిన వాళ్ల వరుసలో మా ఊరూ ఉంది.

ముందు లెక్క చెబుతాను. అంగన్‌వాడీల పథకం, అంటే ఐసీడీఎస్, 1975 అక్టోబర్ 2న మొదలైంది. సెంటర్ ఎక్కడ పెట్టాలనేది జనాభాను బట్టి తేలుస్తారు. మైదానంలో 400 నుంచి 800 మందికి ఒక సెంటర్. గిరిజన ప్రాంతాలకు, కొండ ప్రాంతాలకు దాన్ని 300కు తగ్గించారు. 150 నుంచి 300 లోపు ఉంటే మినీ సెంటర్ ఇస్తారు. మెయిన్ సెంటర్‌లో టీచరూ ఆయా ఇద్దరూ ఉంటారు. మినీ సెంటర్ అంటే వంటా చదువూ ఒక్క మనిషే చూసుకోవాలి. ఇక 2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో ఒక మంచి మాట చెప్పింది. ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి, సెంటర్ లేని ఆవాసం వాళ్లు అడిగితే మూడు నెలల్లో సెంటర్ ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు ముందు ఇవ్వాలి. 2023 నవంబర్‌లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకంలో ఆదిమ తెగల ఆవాసాలకైతే 100 మంది ఉన్నా చాలన్నారు. కొండరెడ్లు ఆదిమ తెగే.

400, 300, 150, 100. గీతను కిందికి దించుకుంటూ వచ్చారు, కాదనను. కానీ మా కొండ మీది గూడెం 90. ప్రతి గీతకూ కిందే మిగిలింది.

ఇక్కడే నాకు అర్థం కాని ప్రశ్న ఒకటుంది. మూడేళ్ల బిడ్డకు ఆట, పాట, గుడ్డు, పాలు, నాలుగు మాటలు నేర్పే మనిషి అవసరమని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ అవసరం ఆ బిడ్డది. పక్కింట్లో ఎంతమంది ఉన్నారు, గూడెంలో ఎన్ని గడపలున్నాయి అన్నదాన్ని బట్టి ఆ బిడ్డ అవసరం పెరగదు, తగ్గదు. 89 మంది ఇరుగుపొరుగు ఉన్న పాపకు లేని హక్కు 99 మంది ఇరుగుపొరుగు ఉన్న పాపకు ఎలా వస్తుంది?

దీనికి జవాబు చెప్పే వాళ్లను నేను తీసిపారేయను. ఒక అధికారి నాతో ఓపికగానే మాట్లాడాడు. "మాస్టారూ, ఉన్న డబ్బు ఇంతే. ఒక టీచర్ జీతంతో రోడ్డు పక్కన 30 మంది పిల్లల్ని చూడొచ్చు, కొండ మీద 11 మందిని చూడొచ్చు. మీరైతే ఏది చేస్తారు?" ఆయన అడిగిన దాంట్లో న్యాయం లేకపోలేదు. ఎక్కువ మందికి మేలు జరగాలనుకోవడం తప్పు కాదు. ఆ రాత్రి నాకు వెంటనే జవాబు తట్టలేదు.

తర్వాత ఎన్నికల డ్యూటీలో తట్టింది. ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవకుండా పోలింగ్ కేంద్రం ఉండాలని ఎన్నికల సంఘం నియమం. గుజరాత్‌లో గిర్ అడవి మధ్య బనేజ్ అనే చోట ఒకే ఒక్క ఓటరు కోసం ఎన్నో ఎన్నికల్లో పోలింగ్ కేంద్రం పెట్టారు. సిబ్బంది అంతా పెట్టెలు మోసుకుని ఆ ఒక్క మనిషి దగ్గరికి వెళ్లేవాళ్లు. దాన్ని ఎవరూ దండగ అనలేదు, గొప్పగా పేపర్లలో రాశారు. అంటే మనిషి వైపు నుంచి కొలవడం ఈ ప్రభుత్వానికి చేతకానిది కాదు. ఓటు దగ్గర తల ఒక్కటే అయినా లెక్కలోకి వస్తుంది. అక్కడ నడవాల్సింది పెద్దవాళ్లు, ఐదేళ్లకోసారి. అంగన్‌వాడీకి నడవాల్సింది మూడేళ్ల పిల్లలు, రోజూ.

చట్టం తీరు కూడా అలాగే ఉంది. ఆరేళ్లు నిండిన పిల్లలకు విద్యా హక్కు చట్టం ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతుల బడి కిలోమీటరు లోపు ఉండాలని నియమాల్లో రాశారు. ఆరేళ్ల లోపు వాళ్లకు మాత్రం రాజ్యాంగంలో 45వ అధికరణం. 2002లో 86వ సవరణ తర్వాత అది రాజ్యం "ప్రయత్నించాలి" అంటుంది. ఆరేళ్ల వాడికి హక్కు, మూడేళ్ల వాడికి ప్రయత్నం. కాళ్లు ఎంత చిన్నవైతే చట్టం అంత మెత్తబడిపోయింది.

"వాళ్లు కిందికి దిగి వచ్చెయ్యొచ్చుగా" అనే మాట మన వాళ్ల నోట కూడా విన్నాను. కొండ మీద గూడేలు చిన్నవిగా ఉండటం ఎవరి మొండితనమూ కాదు. పోడు కొండ ఇన్ని కడుపులనే నింపగలదు. జీలుగు చెట్లు, చింత చెట్లు, కొండచీపుర్లు, బుట్టలకు వెదురు ఎక్కడ దొరికితే అక్కడే మనుషులుంటారు. గూడెం పెద్దదైతే సగం మంది పక్క కొండకు పోయి ఇంకో గూడెం వేసుకుంటారు. నల్లమలలో చెంచు పెంటలు, ఆదిలాబాద్ వైపు కొలాం గూడేలు చిన్నవిగా ఉండటానికి కారణం ఇలాంటిదే. కిందికి దిగమంటే ఆ బతుకును వదిలిపెట్టి దిగమని. అంగన్‌వాడీ కావాలంటే భూమి వదిలి రమ్మని ఏ పట్నం తల్లినీ ఎవరూ అడగరు.

"అసలు వాళ్లకు అంగన్‌వాడీ ఎందుకు, అమ్మమ్మ ఉంది, అడవి ఉంది" అనే వాళ్లు ఇంకో రకం. ఈ మాట వినడానికి బాగుంటుంది. మన సంస్కృతి మీద గౌరవంతో అన్నట్టే ఉంటుంది. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. అమ్మమ్మ నేర్పేది నిజంగా చదువే. చెట్ల పేర్లు, పిట్టల కూతలు, ఏ కాయ తినాలో ఏది తినకూడదో అంగన్‌వాడీ గోడ మీద బొమ్మల కంటే ఆమె బాగా చెబుతుంది. కానీ అమ్మమ్మ ఖాళీగా ఇంట్లో కూర్చుని ఉంటుందని ఎవరు చెప్పారు? చింతపండు సీజన్లో, చీపుర్ల సీజన్లో ఆమె కూడా కొండెక్కుతుంది. అప్పుడు చంటివాణ్ని చూసేది ఎవరు? ఎనిమిదేళ్ల అక్క.

నా బడిలో జరిగిందే చెబుతాను. కొండ మీది గూడెం నుంచి ఒక ఆడపిల్ల రెండో తరగతికి వచ్చేది. పొద్దున్నే వాగు దాటి, మోకాళ్ల దాకా తడిసిన గౌనుతో వచ్చి ముందు వరసలో కూర్చునేది. లెక్కల్లో చురుకు. పండగ తర్వాత రావడం మానేసింది. రెండు వారాలు చూసి నేనే పైకి వెళ్లాను. ఇంటి ముందు తమ్ముణ్ని చంకన వేసుకుని నిలబడి ఉంది. నన్ను చూసి లోపలికి పారిపోలేదు, తప్పు చేసినట్టూ చూడలేదు. "అమ్మ చీపుర్లకి పోయింది సారూ, వీడు నిద్ర లేచాడు" అంది, అదే పూర్తి జవాబైనట్టు. నా రిజిస్టర్‌లో ఆ పిల్ల పేరుకు ఎదురుగా "దీర్ఘకాల గైర్హాజరు" అని రాసి ఉంది. దూరంగా ఉన్న అంగన్‌వాడీ తమ్ముడి చదువును ఆపింది, దాంతో పాటు అక్క చదువునూ ఆపింది. మనం డ్రాపౌట్ల లెక్క తీసేటప్పుడు కారణం గడిలో "తల్లిదండ్రుల అవగాహన లోపం" అని రాస్తాం. ఆ గడిలో నేనూ ఎన్నోసార్లు అదే రాశాను.

తిండి సంగతీ అంతే. సెంటర్‌కు రోజూ వచ్చే పిల్లవాడు అక్కడే వేడి అన్నం, గుడ్డు తింటాడు. రాలేని వాళ్ల కోసం నెలకోసారి సరుకులు కట్టి ఇస్తే, ఆ సరుకులు ఇంట్లో ఉన్న ఆరుగురూ తింటారు. ఆకలిగా ఉన్న ఇంట్లో ఇది చిన్నవాడి గుడ్డు, ఎవరూ ముట్టుకోవద్దు అని ఏ తల్లి చెప్పగలదు?

ఇప్పుడు మా ఊరి సంగతి. సెంటర్ దగ్గర ఉన్నంత మాత్రాన అంతా అయిపోలేదని కూడా చెప్పాలి. కొండరెడ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే, యాస వేరు. మా కోయ పిల్లలకు ఇంట్లో కోయ, సెంటర్‌లో తెలుగు. చాలా ఏళ్ల కింద మా సెంటర్‌కు బయటి నుంచి వచ్చిన టీచర్ ఉండేది. మంచి మనిషే. ఒక పిల్లవాడు పొద్దుటి నుంచి "ఏర్, ఏర్" అని ఏడుస్తున్నాడట. ఏటి దగ్గరికి పోతానని మారాం చేస్తున్నాడనుకుని ఆమె తలుపు గడియ పెట్టింది. మా భాషలో ఏర్ అంటే మంచినీళ్లు. వాడికి దాహం వేసింది, అంతే. కుండ వాడి పక్కనే ఉంది. ఆ దూరాన్ని కిలోమీటర్లలో ఎలా కొలుస్తాం?

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1943లో ఆదిలాబాద్ అడవుల్లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు ఉపాధ్యాయులకు శిక్షణా కేంద్రం పెట్టించి, గోండి వాచకాలతో చదువు మొదలుపెట్టించాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003-04 నుంచి కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో బడి పుస్తకాలు తయారయ్యాయి. మన వాళ్లే కూర్చుని రాశారు. కానీ అవి ఒకటో తరగతితో మొదలయ్యాయి. మాటలు పుట్టే వయసు, మూడు నుంచి ఆరు, దాన్ని వదిలేశారు. న్యూజిలాండ్‌లో మావోరీ ఆదివాసులు సరిగ్గా ఆ వయసు దగ్గరే పట్టుకున్నారు. 1982లో వాళ్లు మొదలుపెట్టిన పసిపిల్లల బడుల పేరుకు అర్థం భాషా గూడు. అక్కడ పిల్లలతో మాట్లాడేది ఆ జాతి పెద్దవాళ్లు, వాళ్ల భాషలోనే. మన అమ్మమ్మ గొప్పదని అనేవాళ్లు అమ్మమ్మను సెంటర్‌లో కూర్చోబెట్టి గౌరవ వేతనం ఇవ్వమని ఎందుకు అడగరో నాకు తెలియదు.

టీచరు ఆ ఊరి మనిషే అయి ఉండాలన్న నియమం అంగన్‌వాడీకి ఉంది. ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక, మనకు మిగిలిన కొద్ది దారుల్లో ఇదొకటి. కానీ కొండ మీది గూడేనికి ఇది కూడా అందదు. చదువు అర్హత అడుగుతారు. పదో తరగతి పాసైన ఆడమనిషి ఆ గూడెంలో ఒక్కరూ లేరు. చిన్నప్పుడు తమ్ముణ్ని ఎత్తుకోవడానికి బడి మానేసిన వాళ్లే అందరూ. సెంటర్ లేదు కనుక చదువు లేదు, చదువు లేదు కనుక టీచర్ లేదు, టీచర్ లేదు కనుక సెంటర్ లేదు.

ఇక అసలు విషయం. మా ఊరి జనాభా 240. నియమం ప్రకారం మాకు రావాల్సింది మినీ సెంటర్. వచ్చింది మెయిన్ సెంటర్. ఎలా వచ్చిందంటే, అప్పుడు లెక్క రాసిన వాళ్లు కొండ మీది 90 మందినీ మాతో కలిపి 330 చేశారు. మా పెద్దలే దగ్గరుండి కలిపించారు. అప్పుడు వాళ్ల ఆలోచన చెడ్డది కాకపోవచ్చు, రెండు ఊళ్లకూ ఒక మంచి సెంటర్ వస్తుందనుకున్నారేమో. కట్టడం మాత్రం మా ఊళ్లో, రోడ్డు పక్కన వచ్చింది. కొండ మీది వాళ్ల తలలు లెక్కకు పనికొచ్చాయి. వాళ్ల పిల్లల కాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. ఇది నేను చాలా ఆలస్యంగా, పాత కాగితాలు చూస్తుంటే తెలుసుకున్నాను. ఆ గూడెం పెద్దమనిషికి మాత్రం ఎప్పటి నుంచో తెలుసు. నేను చెప్పబోతే, "తెలుసులే సారూ. అప్పుడు మమ్మల్ని కూడా వేలిముద్ర వేయమన్నారు, వేశాం" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

మనం మైదానం వాళ్లను అడిగే ప్రశ్న ఏమిటి? మా అడవి, మా నీళ్లు, మా జనాభా లెక్కతో వచ్చిన నిధులు మీ దగ్గర ఎందుకు ఆగిపోయాయని కదా. అదే ప్రశ్న కొండ మీది గూడెం మమ్మల్ని అడిగితే మా దగ్గర ఉన్న జవాబేమిటి? "మేమూ పేదవాళ్లమే" అనొచ్చు. నిజమే. కానీ మైదానంలో కూడా చాలామంది ఆ మాటే అంటారు.

దీనికి దారి చట్టంలోనే ఉంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఊరు అంటే రెవెన్యూ గ్రామం కానక్కర్లేదు. తన సంప్రదాయం ప్రకారం తన వ్యవహారాలు తాను చూసుకునే ఒక గూడెం కూడా ఊరే, దానికి సొంత గ్రామసభ ఉండవచ్చు. 90 మంది గూడెం తన పేరుతో తీర్మానం చేసి, మా లెక్కలోంచి తమను విడదీయమనీ, తమ గూడెంలోనే సెంటర్ పెట్టమనీ, చదువు అర్హత సడలించి తమ ఆడబిడ్డకే ఆ పని ఇవ్వమనీ అడగవచ్చు. 100కు పదిమంది తక్కువ ఉన్నారంటూ కాగితం వెనక్కి రావచ్చు. వస్తే మళ్లీ పంపాలి. ఒక్క ఓటరు కోసం అడవిలోకి పోయిన ప్రభుత్వాన్ని 11 మంది పిల్లల కోసం రమ్మని అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అయితే వాళ్లు విడిపోతే మా లెక్క 240కి పడిపోతుంది. మెయిన్ సెంటర్ మినీ అయ్యే ప్రమాదం ఉంది. ఆయా పోస్టు పోవచ్చు. మా ఊరి ఆయా నాకు వరసకు వదిన. ఇద్దరు పిల్లల్ని ఆ జీతం మీదే చదివిస్తోంది. తీర్మానం రాసి పెట్టమని గూడెం వాళ్లు నన్నే అడిగారు, రాసే మనిషి వాళ్లలో లేడు కనుక. ఆ సంగతి తెలిసి మా పెద్దలు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. గట్టిగా ఏమీ అనలేదు. "నువ్వు చదువుకున్నోడివి, చూసి చెయ్యి" అన్నారు. వదిన మాత్రం ఆ వారం రోజులూ నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, "పైన ఆ 11 మంది పేర్లూ రోజూ నేనే హాజరు వేస్తున్నా బావా. వాళ్లలో నలుగురి మొహం నాకు తెలియదు" అంది. నేను ఏమీ అడగకుండానే చెప్పింది.

మన ఉద్యోగుల పిల్లలు టౌన్లో నర్సరీలకు పోతారు, నా పిల్లలూ పోయారు. మెయిన్ సెంటరైనా మినీ సెంటరైనా మా ఇంట్లో ఏ బిడ్డకూ తేడా రాదు. అందుకే ఈ విషయంలో నా న్యాయం నాకు చవగ్గా దొరికింది. దాని ఖరీదు వదిన కడుతుంది. ఇది తెలిసే రాయాల్సి వచ్చింది.

తీర్మానం రాశాను. పిల్లల పేర్లు, వయసులు, తల్లుల పేర్లు ఒక్కొక్కటీ అడిగి రాస్తుంటే, రెండో తరగతి మానేసిన ఆ పిల్ల పక్కనే నిలబడి చూస్తోంది. తమ్ముడి పేరు దగ్గరికి వచ్చేసరికి కలం ఇమ్మని చెయ్యి చాపింది. ఆ ఒక్క పేరూ ఆ పిల్ల రాతలోనే ఉంది. మొదటి అక్షరం కాస్త వంకరగా వచ్చింది. కాగితం అలాగే ఐటీడీఏకి పంపాం.